గాలివాన వెలిశాక సూర్యబింబం ఎందుకు వణుకుతుంది?

ప్రశ్న: రాత్రంతా ఉరుములు మెరుపులతో గాలివాన కురిసి, తెల్లవారాక ఆకాశం నిర్మలంగా కనిపించింది. అయినా ఫిల్టరు అమర్చిన నా చిన్న టెలిస్కోపులో సూర్యుడి అంచు మరుగుతున్న నీటిలా కదిలింది. లోపం పరికరంలోనిదా?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి లోపం గాలిదే అనిపిస్తోంది. వాన గాలిలోని ధూళిని కడిగివేస్తుంది గానీ, ఆకాశపు స్వచ్ఛత వేరు, గాలి నిలకడ వేరు. గాలివాన వెనుక వచ్చే చల్లని గాలి, ఎండకు కాగుతున్న నేల నుంచి లేచే వెచ్చని గాలితో కలిసినప్పుడు కాంతికిరణాలు క్షణక్షణం దారి మార్చుకుంటాయి. సూర్యుడి మచ్చ నడిమి నల్లని భాగం కనిపించినా, దాని చుట్టూ ఉండే బూడిదరంగు వలయంలోని సన్నని పోగులు, సుమారు 1,000 కి.మీ. వెడల్పుండే ఉపరితల కణికలు (లోపలి నుంచి పొంగే వేడి వాయువు గింజల్లా కనిపించే చోట్లు) చెరిగిపోయేది అందుకే. సూర్యుడు కొంత పైకి వచ్చాక, నేల బాగా వేడెక్కకముందే, కాంక్రీటు మీద కాక పచ్చిక మీద పరికరాన్ని నిలిపి చూడండి.

అంతకన్నా ముఖ్యమైనది ఫిల్టరు. కంటితో చూసేందుకు వాడే తెల్లకాంతి ఫిల్టరు వెలుగులో దాదాపు లక్షో వంతును మాత్రమే రానిస్తుంది కనుక, సూదిమొనంత రంధ్రమైనా ప్రమాదమే. దాన్ని ప్రకాశవంతమైన దీపానికి ఎదురుగా పట్టి పరీక్షించండి. రంధ్రమో, పూత లేచిన చోటో కనిపిస్తే నిస్సంకోచంగా పారవేయండి. వాన వెలిసినా ఈదురుగాలి ఆగకపోవచ్చు కాబట్టి, ఫిల్టరు ఊడిపోకుండా గొట్టం ముందువైపు గట్టిగా బిగించి, ఫైండరుకు (గురి చూసుకునేందుకు టెలిస్కోపు పక్కన అమర్చే చిన్న దూరదర్శినికి) మూత పెట్టడం మరువకండి.