మబ్బు దూరంగా ఉన్నప్పుడే మెరుపు చిక్కుతుంది

నెల్లూరులో మూడో అంతస్తు ఇంటి నుంచి, ఫోనుతోనే, వేసవి మెరుపులను ఫోటో తీయవచ్చా అని అడిగారు. నిశ్చింతగా తీయవచ్చు. మాది కావలి. ఏటా ఏప్రిల్, మే నెలల్లో మబ్బు పట్టిన ప్రతి సాయంత్రం నేను పడమటి కిటికీ దగ్గరే ఉంటాను. ముఖ్యమైన మాట ముందే చెబుతాను. మబ్బు నెత్తిమీదికి వచ్చాక మంచి ఫోటో రాదు. వాన తెర అడ్డుపడుతుంది, ఆకాశమంతా ఒక్కసారిగా తెల్లబడుతుంది, పైగా ప్రమాదం. అది పడమట దూరంగా ఉన్నప్పుడు ఒకసారి, ఊరు దాటి సముద్రం మీదికి వెళ్ళాక మరోసారి మనకు అవకాశం దొరుకుతుంది.

ఈ విషయంలో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళం అదృష్టవంతులం. పడమట వెలిగొండలు, తూర్పున బంగాళాఖాతం. మధ్యాహ్నం సముద్రపు గాలి తేమను లోపలికి మోసుకొస్తుంది, పడమటి నుంచి వడగాలి ఎదురవుతుంది. వేడెక్కిన గాలి ఆ తేమతో సహా పైకి లేస్తుంది. ఉదయగిరి, కనిగిరి వైపు మూడు నాలుగు గంటలకు తెల్లటి మబ్బులు గోపురాల్లా లేవడం మొదలైతే ఫోను చార్జింగ్‌కు పెట్టేయండి. వార్తల్లో క్యుములోనింబస్ అనేది వీటినే. 12 నుంచి 15 కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతాయి. పైన వీచే గాలులు తరచుగా పడమటివే కాబట్టి చీకటి పడేసరికి ఇవి తీరం వైపు కదులుతాయి. కొన్ని దారిలోనే కరిగిపోతాయి, ఆ రోజుకు నిరాశే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు ఎక్కువే కానీ, అప్పుడు ఆకాశమంతా మూసుకుపోయి ఉంటుంది. వేసవి మబ్బు విడిగా నిలబడుతుంది, అడుగు నుంచి శిఖరం దాకా కంటికి ఆనుతుంది. రాత్రిపూట 100 కిలోమీటర్ల అవతలి మెరుపు కూడా కనిపిస్తుంది. ఉరుము మాత్రం 15, 20 కిలోమీటర్లు దాటి వినిపించడం అరుదు.

ఇక ఫోను సంగతి. కెమెరాలో అమరికలు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లోకి వెళ్ళి ఐఎస్‌ఓ (కాంతికి స్పందించే స్థాయి) 50 లేదా 100, ఫోకస్ అనంతం దగ్గర, షట్టర్ (కాంతి లోపలికి పడే సమయం) 4 నుంచి 8 సెకన్లు పెట్టండి. ఫోను కదలకుండా ట్రైపాడ్ తప్పనిసరి. 2 సెకన్ల టైమర్ పెడితే వేలు తగిలిన అదురు కూడా ఫోటోలో పడదు. మెరుపును చూసి బటన్ నొక్కితే దొరకదు, షట్టర్ తెరిచి ఉన్నప్పుడు అదే వచ్చి పడాలి. అందుకే ఒకదాని వెంట ఒకటి తీస్తూనే ఉండాలి. షట్టర్ సమయం పెంచినంత మాత్రాన మెరుపు గీత కాంతి పెరగదు, అది క్షణంలో అయిపోతుంది. పెరిగేది వీధి దీపాల వెలుగే. ఈదురుగాలికి కరెంటు పోతే ఆ బాధ కూడా ఉండదు, కరెంటు కోత కోసం నేను ఎదురుచూసేది ఆ ఒక్క గంటలోనే. కెమెరా ఉన్నవాళ్ళు లెన్స్ ద్వారాన్ని (అపెర్చర్) దూరపు మెరుపులకు ఎఫ్ 5.6, దగ్గరివాటికి ఎఫ్ 8 పెట్టుకుంటే సరిపోతుంది. ఫోటో తీశాక అందులోని నాయిస్ (చీకట్లో కనిపించే చుక్కలు) తగ్గించే సదుపాయం ఉంటే ఆపేయండి. అది పనిచేసినంతసేపూ కెమెరా కళ్ళు మూసుకున్నట్టే, మంచి మెరుపులు అప్పుడే పోతాయి.

జాగ్రత్త విషయంలో మాత్రం రాజీ వద్దు. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించండి, దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్లలోపు వినిపించిందంటే పిడుగు మీ ఇంటికి దాదాపు 10 కిలోమీటర్లలోపే పడుతున్నట్టు. అప్పుడు డాబా, బాల్కనీ వదిలేయాలి. తలుపులు వేసి, గదిలో కిటికీకి రెండు మూడు అడుగులు వెనక్కి ట్రైపాడ్ పెట్టి అద్దంలోంచి తీయండి. ఇనుప గ్రిల్లును, కుళాయిని తాకవద్దు, ఫోనును చార్జర్ నుంచి తీసేయండి. గదిలో లైటు ఆర్పితే అద్దంలో ప్రతిబింబం పడదు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ (ఐఐటీఎం) రూపొందించిన దామిని యాప్ దగ్గర్లో ఎక్కడ పిడుగులు పడుతున్నాయో చూపిస్తుంది, దాన్ని ఫోనులో ఉంచుకోండి.

వాన వెలిసిందని ట్రైపాడ్ మడిచేయకండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అప్పుడే మొదలవుతుంది. తూర్పుకు జరిగిన మబ్బు తోక ఇంకా మన పైదాకా పరుచుకుని ఉంటుంది. దాని అడుగున ఒక మూల పుట్టిన మెరుపు కిందికి దిగదు. అడ్డంగా పాకుతూ, కొమ్మ కొమ్మకూ చీలుతూ ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. ఒక్కోసారి సెకనుకు పైగా సాగుతుంది, వెళ్ళే దిక్కు కంటికి స్పష్టంగా తెలుస్తుంది. దీనికి వెడల్పు లెన్స్ వాడండి. మీ ఇంటికి తూర్పు కిటికీ లేకపోతే ఆఖరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు ఆగి డాబా ఎక్కండి. అప్పటికి మబ్బు సముద్రం మీద బాగా దూరం పోయి, లోపల్లోపల వెలుగుతూ మొత్తంగా ఒకే ఫ్రేములో ఇముడుతుంది. పిట్టగోడ తడిగా ఉంటుంది, ఫోను ఆనించేటట్లయితే కింద పొడిగుడ్డ వేసుకోండి.