కోర్టు హాల్లో బొమ్మలేస్తానన్న మా మేనకోడలికి

శ్రావణీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు చదువైపోగానే కోర్టుల్లో బొమ్మలేస్తానంటోంది, నువ్వే ఎక్కించి ఉంటావు" అని నా మీద కేకలేసింది. నాకేమీ తెలియదు వదినా అంటే నమ్మదే! ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. మా అన్నయ్య కూతురు, కోర్టులో జరిగేది చూసి టీవీ చానెళ్లకి బొమ్మలేసే నా పనే ఎంచుకుందని ఒకపక్క గర్వం, ఆ పనే రోజురోజుకీ తగ్గిపోతోందని ఇంకోపక్క దిగులు. నోటితో చెబితే సగానికి "సరే అత్తా" అనేసి మిగతా సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

ముందు వీసా. నీ ఓపీటీ కార్డు, అదే చదువయ్యాక అమెరికాలో పని చేసుకునే పర్మిట్, చేతికొచ్చి, దాని మీదున్న తేదీ మొదలయ్యేదాకా ఎవరి దగ్గరా ఒక్క డాలరు కూడా తీసుకోవద్దు. "ఒక్క రోజు పనే కదా, క్యాష్ ఇచ్చేస్తాం" అనేవాళ్లుంటారు, వద్దు. ఓపీటీలో ఫ్రీలాన్స్ చేసుకోవచ్చు, కానీ ప్రతి పనికీ కాగితం దాచుకో, పని లేని రోజులు అన్నీ కలిపి 90 దాటకుండా లెక్క చూసుకో. ఫైన్ ఆర్ట్స్‌కి స్టెమ్ ఎక్స్‌టెన్షన్, అంటే సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లకిచ్చే అదనపు గడువు, రాదు, అంటే నీకున్నది ఒక్క ఏడాది. అనుమానం వస్తే కాలేజీలో ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి అడుగు, వాట్సాప్ గ్రూపుల్లో అడగకు. 2019లో మిషిగన్‌లో ప్రభుత్వ ఏజెంట్లే నడిపిన దొంగ కాలేజీ, ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసు బయటపడ్డప్పుడు మన పిల్లలు ఎంతమంది ఇరుక్కున్నారో, ఇక్కడ ఎన్ని ఇళ్లలో టెన్షన్‌తో ఫోన్లు మోగాయో నాకు బాగా గుర్తు.

ఇక డబ్బు. నేను మొదలుపెట్టిన రోజుల్లో పెద్ద కేసంటే ఒక్కో చానెల్ ఒక్కో ఆర్టిస్టును పంపేది. ఇప్పుడు ఒకరు గీసిందే నలుగురూ పంచుకుంటారు. రోజుకింతని ఇస్తారు, ఆ రోజులు నెలలో ఎన్ని వస్తాయో ఎవరూ చెప్పలేరు. కేసయ్యాక లాయర్లు తమ బొమ్మ ఉన్న ఒరిజినల్ కొనుక్కుంటారు, అందుకని కాపీరైట్ నీ పేరునే ఉంచుకో, అడిగినా రాసివ్వకు. ఇంకో ఉద్యోగం ఏదైనా తప్పకుండా పెట్టుకో. ఈ ఒక్క విషయంలో నేను మీ అమ్మ పక్షమే.

ఈ పని ఎందుకు పుట్టిందో, ఎందుకు పోతోందో తెలుసుకుని దిగు. న్యూజెర్సీలో మా ఎడిసన్ నుంచి గంట దూరం కూడా లేని ఫ్లెమింగ్టన్‌లో 1935లో పేరున్న విమాన పైలట్ లిండ్‌బర్గ్ బిడ్డ కిడ్నాప్ కేసు విచారణ జరిగింది. ఆ చిన్న ఊరి కోర్టు నిండా ఫొటోగ్రాఫర్లే, అదో తిరనాళ్లయిపోయింది. దాంతో 1937లో లాయర్ల సంఘం కోర్టుల్లో కెమెరాలు వద్దని నియమం పెట్టింది, 1946లో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టుల క్రిమినల్ రూల్స్‌లో ఫొటోలు, ప్రసారాలు వద్దనే 53వ రూల్ వచ్చింది. కెమెరాని బయటికి పంపారు కాబట్టే మన పెన్సిల్‌కి లోపల చోటు దొరికింది. 1981లో ఇక్కడి సుప్రీంకోర్టు, రాష్ట్రాలు కావాలంటే కెమెరాలు పెట్టుకోవచ్చంది. అప్పట్నుంచి స్టేట్ కోర్టులు ఒక్కొక్కటిగా తలుపులు తెరుస్తూనే ఉన్నాయి. ఫెడరల్ క్రిమినల్ కేసులు మాత్రం ఇంకా మనవి. ఇండియా వెళ్లిపోయి చేస్తానని అనుకుంటున్నావేమో, అక్కడ సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ నుంచి రాజ్యాంగ ధర్మాసనం విచారణల్ని లైవ్‌లోనే చూపిస్తోంది.

ప్రాక్టీసుకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నెవార్క్ ఫెడరల్ కోర్టుకో, మన్‌హట్టన్‌లో పెర్ల్ స్ట్రీట్ కోర్టుకో పొద్దున్నే వెళ్లి ఎవరైనా కూర్చోవచ్చు. గీసుకోవచ్చా అని మాత్రం జడ్జి దగ్గరుండే క్లర్కుని ముందే అడుగు. మన్‌హట్టన్‌లో ఫోన్ గుమ్మం దగ్గరే తీసేసుకుంటారు, కాబట్టి ఐప్యాడ్‌లో గీస్తానని కలలు కనకు. పెన్సిళ్లు ఇంట్లోనే చెక్కుకుని వెళ్లు, బ్లేడు బ్యాగులో ఉంటే సెక్యూరిటీ దగ్గరే నీ పొద్దుటిపూట అయిపోతుంది. పాస్టెల్స్‌కి రంగు కాగితం వాడు, తెల్లదైతే సగం టైము దాన్ని నింపడానికే పోతుంది. రంగు చెరగకుండా కొట్టే ఫిక్సేటివ్ స్ప్రే బయటికొచ్చాకే కొట్టు, ఆ వాసన జడ్జి దాకా వెళుతుంది.

నిందితుణ్ణి మొదటిసారి హాజరుపరిచినప్పుడు అంతా కలిపి పది నిమిషాలే. బెంచీ, జెండా, గోడ మీది ముద్ర ఎక్కడికీ పోవు, వాటిని అందరూ రాకముందే లేతగా వేసి పెట్టుకో. మనిషి లోపలికి రాగానే మొహం పట్టుకో. గ్యాలరీ నుంచైతే వీపే కనిపిస్తుంది. జ్యూరీ, అంటే తీర్పు చెప్పే మామూలు జనం, లేని రోజు జ్యూరీ బాక్సులో కూర్చోనిస్తారా అని అడుగు, చాలామంది జడ్జీలు కాదనరు. మొహం చిక్కకపోతే చేతులు చూడు. లాయర్ నవ్వుతూ మాట్లాడుతుంటాడు, బల్ల కింద నిందితుడి బొటనవేలు రెండో చేతి గోటిని రక్తం వచ్చేదాకా గిల్లుతూ ఉంటుంది. ఆ గది ఎలా ఉందో ఆ వేలే చెబుతుంది. ఇంగ్లండ్‌లో 1925 చట్టం ప్రకారం కోర్టు హాల్లో గీయడమే నేరం, అక్కడివాళ్లు చూసింది నోట్సు రాసుకుని బయటికొచ్చి జ్ఞాపకంతో గీస్తారు. వారానికొకసారి నువ్వూ అలా గీసి చూడు. ఇక్కడ కూడా 1973లో ఫ్లోరిడా గెయిన్స్‌విల్‌లో ఒక జడ్జి జ్ఞాపకంతో కూడా అసలు గీయడమే కుదరదన్నాడు. సీబీఎస్ టీవీ వాళ్లు జ్ఞాపకంతో గీసినవి వేస్తే కోర్టు ధిక్కారమన్నాడు. మరుసటి ఏడు అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ఇవాళ నువ్వు దర్జాగా కూర్చుని గీస్తావంటే సీబీఎస్ లాంటివాళ్లు పోట్లాడబట్టే.

ఇప్పుడు నేను నిజంగా భయపడేది చెబుతాను.

నాకు ఈ పని నేర్పిన పెద్దాయన ఒకరున్నారు. పేరు రాయను, ఆయనకి ఇష్టముండదు. అప్పుడు నాకు ఇక్కడ ఎవరూ తెలియదు, ఇంగ్లీషు మాట్లాడాలంటేనే గొంతు పట్టేసేది. ఆయన బల్ల మీద తన పక్కన ఇంత చోటిచ్చి, నా కాగితం కేసి చూడకుండానే "జడ్జి తల పెద్దదైంది" అనేవారు. అంత చేయి తిరిగిన మనిషి. ఒక పెద్ద కేసులో జడ్జి మొదటి రోజే ఆర్డరు వేశాడు, జ్యూరీలో ఎవరినీ గుర్తుపట్టేలా గీయకూడదని. అది కొత్తేం కాదు, మామూలుగా వేసేదే. మేమంతా జ్యూరీని కళ్లూ ముక్కూ లేని గుండ్రాలుగా వేసేవాళ్లం. ఆయనా అలాగే వేశారు. కానీ రెండో వరసలో ఒకావిడ ఆవపిండి రంగు ఉన్ని స్కార్ఫ్ కట్టుకుని కూర్చుంది, అంచున చేత్తో అల్లిన నీలం పూలు. మొత్తం బూడిదరంగు గదిలో అదొక్కటే కళ్లకి ఆనేది. బొమ్మకి ఆ మూల బరువు కావాలి, ఆర్టిస్టుగా నేనైనా అక్కడ ఒక పసుపు పెట్టేదాన్ని. ఆయన ఆ స్కార్ఫ్‌ని మొత్తం, అంచు పూలతో సహా దించేశారు. సాయంత్రం కోర్టు బయట గోడకి టేపుతో అంటిస్తే కెమెరా వాళ్లు దగ్గరికెళ్లి మరీ తీసుకున్నారు, ఆరు గంటల వార్తల్లో వచ్చింది. మొహం లేదు కదా, ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆవిడ ఆఫీసులో వాళ్లకి ఆ స్కార్ఫ్ తెలుసు. రాత్రికల్లా ఎవరో ఆవిడకి ఫోన్ చేసి "ఆ కేసులో నువ్వున్నావటగా, వాణ్ణి వదలకండి" అన్నారు. ఆవిడ నిజాయితీపరురాలు, పొద్దున్నే జడ్జికి చెప్పేసింది. ఆవిడని పంపేసి బదులు మనిషిని కూర్చోబెట్టారు. డిఫెన్స్ లాయర్ కేసు మొత్తం మళ్లీ మొదలుపెట్టాలని పట్టుబట్టాడు. వారాల తరబడి జరిగిన విచారణ, సాక్షులు మళ్లీ వచ్చి ఆ చావు సంగతంతా మళ్లీ చెప్పాల్సి వచ్చేది. జడ్జి ఒప్పుకోలేదు కాబట్టి సరిపోయింది. మా పెద్దాయన్ని పిలిచి, గొంతు పెంచకుండా, ఈ కేసు అయ్యేదాకా మీరు ఈ హాల్లోకి రావద్దన్నాడు. ఆయన పాస్టెల్ పెట్టె మూస్తుంటే చేతులు వణకడం నేను చూశాను. ఆ రాత్రి ఆయనే నాకు ఫోన్ చేసి, "రేపు నా సీట్లో నువ్వు కూర్చో, చానెల్‌కి చెప్పాను" అన్నారు. ఏడుపొచ్చింది నాకు. ఆ తర్వాత చాలా ఏళ్లు పనిచేశారు, కానీ జ్యూరీ వైపు మళ్లీ ఒక్క గీత గీయలేదు, కాగితంలో ఆ మూల ఖాళీగానే వదిలేసేవారు. అదీ సరికాదని నాకనిపిస్తుంది. జ్యూరీ లేకపోతే అది కోర్టు ఎలా అవుతుంది? నువ్వు గీయి. భుజాలు గీయి, ముందుకి వంగారా వెనక్కి జారారా అన్నది గీయి, అందరికీ ఒకే బూడిదరంగు వెయ్యి. స్కార్ఫ్, పచ్చబొట్టు, చక్రాల కుర్చీ, జడ, ఏదీ వద్దు. మొహం తీసేస్తే మనిషిని దాచేశామనుకోకు. బొమ్మ బాగా రావాలన్న ఆశ ఉంటుంది చూశావా, అక్కడే జారతాం.

నిందితుడి విషయంలో ఇంకో జాగ్రత్త. అభియోగం చదివి వెళ్లినప్పుడు తెలియకుండానే కనుబొమలు దగ్గరికి లాగేస్తాం, కళ్ల కింద నలుపు ఎక్కువ పెట్టేస్తాం. చార్జిషీటు బ్రేక్‌లో చదువుకో, గీసేముందు చదవకు. మన రంగువాళ్లకైతే గోధుమరంగు ఒక్కటే తీసి రుద్దేయకు, కింద ఎరుపు, పసుపు ఉంటాయి, అద్దంలో నీ మొహం చూసుకో.

మనవాళ్ల కేసులూ వస్తాయి. ఒకసారి వీసా మోసం కేసులో ఒక తెలుగతను బెయిల్ మీదొచ్చి నిలబడ్డాడు, మణికట్టుకి గుడి ఎర్రదారం. నా వెనక వరసలో వాళ్లింటివాళ్లు. నేనెవరో తెలియక తెలుగులో అన్నీ మాట్లాడేసుకుంటున్నారు, లాయరుకి ఎంతిచ్చారో, ఎవరు సంతకం పెట్టారో. నేను వెనక్కి తిరిగి, "అమ్మా, నాకు తెలుగొచ్చు, నేను టీవీ తరఫున వచ్చాను, నా ముందు కేసు సంగతులు మాట్లాడకండి" అని చెప్పాను. పెద్దావిడ మొహం పాలిపోయింది. కాసేపటికి నా కాగితం చూసి, "దారం కూడా వేశావా తల్లీ" అంది. వేశాను, అతను ఎవరో అందరికీ తెలిసిందే కాబట్టి. విన్నది మాత్రం చానెల్‌కి చెప్పలేదు, మీ మామయ్యకీ చెప్పలేదు. నీకూ అలాంటి రోజు వస్తుంది. వెంటనే తిరిగి చెప్పెయ్, ఒక్క నిమిషం కూడా ఆగకు.

జనం వెక్కిరిస్తారు, దానికి బెంగపడకు. మనలాగే కోర్టు బొమ్మలేసే జేన్ రోజెన్‌బర్గ్ 2015లో ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ బ్రేడీని గీస్తే దేశమంతా మీమ్స్ చేసింది. అదే జేన్ 2023లో ట్రంప్‌ని గీస్తే న్యూయార్కర్ పత్రిక కవరు మీద వేసుకున్నారు. 2017లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోర్టు బొమ్మలకి పెద్ద ప్రదర్శనే పెట్టింది. కంప్యూటరుతో బొమ్మ మెరుగులు దిద్దుతామని చానెల్‌వాళ్లు అడిగితే మాత్రం ఒప్పుకోకు. నువ్వు ఆ గదిలో కూర్చుని చూశావు, కంప్యూటరు చూడలేదు.

చిన్నపిల్లల కేసులు మొదటి ఏడు తీసుకోవద్దు. డబ్బు ఎంతిచ్చినా సరే. నేను బతిమాలుతున్నాననుకో, తిడుతున్నాననుకో. ఫొటోలు పెద్ద స్క్రీన్ మీద వేస్తారు, మనం తల తిప్పుకోలేం, చూడ్డానికే వెళ్లాం. అలాంటి రోజు తప్పక వస్తే కోర్టు నుంచి నేరుగా నీ రూముకి వెళ్లకు, రైలెక్కి మా ఇంటికి రా, ఏ టైమైనా పర్లేదు, పప్పుచారు పెడతాను, ఏమీ అడగను.

వచ్చే శనివారం తీరిక చేసుకో. నా బైనాక్యులర్ కళ్లద్దాలు నీ ముక్కుకి సరిపోతాయో చూడాలి, నాకే కాస్త వదులు. ఒడిలో పెట్టుకునే చెక్క కూడా ఇచ్చేస్తాను. ఇప్పటిదాకా గీసినవి ఫోన్‌లో ఫొటోలు తీసి పంపకు, కాగితాలే పట్టుకురా, పాడైపోయినవి కూడా. ఎక్కడ చెరిపావో నేను చూడాలి.

మీ అత్త