ఆగి ఉన్న లారీ కారుకు ఎందుకు కనపడదు?

ప్రశ్న: లెవెల్ 2 అడాస్ (కెమెరా, రాడార్‌లతో డ్రైవర్‌కు సాయపడే ఏర్పాటు) ఉన్న కారు కొన్నాం. ఔటర్ రింగ్ రోడ్డు మీద స్టీరింగ్ వదిలేస్తే లేన్‌లో తనే పోతోంది కానీ, కాసేపటికే బీప్ బీప్‌మని గోల. స్టీరింగ్‌కు వాటర్ బాటిల్ కడితే ఆ గోల ఉండదని మా బావమరిది అంటున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకుడు, శంషాబాద్

జవాబు: నిజమే, అందుకే భయం. చాలా కార్లు స్టీరింగ్ మీద పడే చిన్నపాటి మెలిని బట్టే చెయ్యి ఉందని అనుకుంటాయి. బాటిల్ బరువు కూడా వాటికి చెయ్యిలాగే ఉంటుంది. దయచేసి కట్టకండి. లెవెల్ 2 అంటే కారు సాయం చేస్తుందంతే, డ్రైవర్ మీరే. అమెరికాలో డ్రైవర్ లేకుండా తిరిగే వేమో ట్యాక్సీలు లెవెల్ 4. పేరులో తేడా రెండంకెలే, పనిలో చాలా దూరం.

అసలు చిక్కు ఆగి ఉన్న లారీతో. రాడార్ ఎదుటి వస్తువు దూరంతో పాటు వేగాన్నీ కొలుస్తుంది. సైన్‌బోర్డు, రెయిలింగ్, ఫ్లైఓవర్, ఆగిన లారీ అన్నిటి వేగమూ సున్నాయే. ప్రతిదానికీ బ్రేక్ వేస్తే కారు కదలదు కదా! అందుకని కదలనివాటిని చాలావరకు వడకట్టేస్తారు. కెమెరా కొంత ఆదుకుంటుంది కానీ రాత్రిపూట, పైగా వెనక లైట్లు లేని లారీ అయితే దాన్నీ నమ్మలేం. ఎక్కువ వేగంలో ఆగిన వాహనాన్ని గుర్తించకపోవచ్చని కారు మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. మనం ఆ పేజీ తప్ప అన్నీ చదువుతాం.

ఆ లారీయే 'నేనిక్కడ ఆగాను' అని చెబితే? వీ2ఎక్స్ అంటే అదే. వాహనం తన స్థానం, వేగం, దిశ సెకనుకు సుమారు 10 సార్లు 5.9 గిగాహెర్ట్జ్ రేడియోలో ప్రకటిస్తుంది. మలుపు అవతలి బండి కూడా వింటుంది. యూరప్‌లో ఎనిమిదో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌లో ఇది ఉంది. కాకపోతే ఇద్దరి దగ్గరా ఉంటేనే ఉపయోగం. షోరూంలో మీకు చెప్పిన 'కనెక్టెడ్ కార్' మాత్రం ఎక్కువగా సిమ్‌తో కంపెనీ సర్వర్‌కు కలిసేదే. ఇంట్లోంచే ఏసీ వేసుకోవచ్చు, కారెక్కడుందో చూసుకోవచ్చు. ముందున్న లారీతో దానికి మాటల్లేవు.

ప్రశ్న: మరి ఫాస్టాగ్ కూడా వీ2ఎక్స్ లాంటిదేనా?
- మరో పాఠకురాలు, విజయవాడ

జవాబు: కాదండీ. అది బ్యాటరీ లేని ఆర్ఎఫ్ఐడీ (రేడియో తరంగాలతో గుర్తుపట్టే) స్టిక్కర్. టోల్‌గేట్ రీడర్ పలకరిస్తే తన నంబరు చెబుతుంది. పక్క కారు పిలిస్తే పలకదు.