ఆపరేషన్‌కు ముందు పాప భయం తగ్గడానికి ఇంట్లో ఎలాంటి ఆట ఆడించాలి?

మీ అయిదేళ్ల పాపకు వచ్చే వారం టాన్సిల్స్ ఆపరేషన్ ఉందనీ, కిందటిసారి రక్తపరీక్షకు నలుగురు కలిసి గట్టిగా పట్టుకోవలసి వచ్చినప్పటి నుంచి తెల్లకోటు కనబడితేనే ఏడుస్తోందనీ, మీరు డాక్టరాట సామాను పెట్టె కొనిచ్చినా ముట్టుకోవడం లేదనీ రాశారు. నేను చాలాకాలంగా పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. ఆట సాయంతో భయం తగ్గించడం మా రోజువారీ పనిలో భాగమే కాబట్టి, చూసినదీ చేసినదీ ఆధారంగా జవాబు రాస్తున్నాను.

సబ్బు బుడగలు ఊదించడం, కథ చెప్పడం వంటివి సూది గుచ్చే ఆ కాసేపు పాప దృష్టి మళ్లించడానికి బాగా ఉపయోగపడతాయి. ఆపరేషన్‌కు ముందు ఇంట్లో ఆడవలసిన ఆట ఉద్దేశం వేరు. ఆసుపత్రిలో అడుగుపెట్టినది మొదలు పిల్లలకు అన్నీ ఇతరులే చేస్తారు. ఎప్పుడు పడుకోవాలో, ఏ చెయ్యి చాపాలో, ఎప్పుడు తినకూడదో నిర్ణయించేది వాళ్లు కాదు. నా అనుభవంలో నొప్పి ఎంత భయపెడుతుందో ఈ నిస్సహాయత కూడా అంతే భయపెడుతుంది. ఆటలో సిరంజి పాప చేతిలో ఉంటుంది, చెయ్యి చాపేది మీరు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది పాప. కాబట్టి మీరు డాక్టరు వేషం కట్టి పాపను రోగిని చేయకండి. ఆ పాత్ర ఆమెకు ఇప్పటికే ఉంది.

రంగురంగుల ప్లాస్టిక్ పెట్టెను కొందరు పిల్లలు పట్టించుకోరు, ఎందుకంటే వాళ్లను భయపెట్టిన వస్తువులు అందులో లేవు. సూది లేని సిరంజి, దూది, గాజుగుడ్డ, ప్లాస్టరు, వార్డులో అడిగితే ఇచ్చే కొత్త మత్తుమందు మాస్కు చాలు. నిజమైన సూదిని మాత్రం ఆటలోకి రానివ్వకండి. వీటిని పాపకు ఇష్టమైన బొమ్మ పక్కన పెట్టి, రమ్మని పిలవకుండా మీరే బొమ్మ చేతికి దూదితో తుడిచి ప్లాస్టరు వేయడం మొదలుపెట్టండి. పాప దూరం నుంచి చూసి వెళ్లిపోయినా పరవాలేదు. ఆ రోజుకు చూడటమే ఆమె ఆట. బలవంతంగా ఆడిస్తే అది కూడా మరో చికిత్స అయిపోతుంది.

పిల్లలు ఆడుతున్నప్పుడు మాట్లాడటం కన్నా గమనించడం ఎక్కువ ఉపయోగం. మా వార్డులో దాదాపు ఇదే వయసు బాబు ఒకడు రక్తం తీయించుకున్నాక తన గుడ్డ ఏనుగు కాలికి ప్లాస్టరు వేసి, దానిపై మరొకటి, ఆపైన ఇంకొకటి వేస్తూ, ప్రతిసారీ అంచులు వేలితో గట్టిగా నొక్కి చూసుకుంటున్నాడు. ఏనుగుకు ఏమవుతుందని భయపడుతున్నావని అడిగితే, ఆ కన్నంలోంచి ఉన్న రక్తమంతా కారిపోతుందన్నాడు. అంతవరకు వాడిది సూది భయమేనని మేమందరం అనుకున్నాం. శరీరం ఆ కన్నాన్ని తనంతట తానే మూసేసుకుంటుందనీ, తీసిన రక్తానికి బదులు కొత్త రక్తం తయారవుతుందనీ ఏనుగుకు చెప్పమని వాడినే అడిగాం. వాడు చాలా గంభీరంగా చెప్పాడు. తరువాతి పరీక్షకు వాడు ఏడవలేదని చెప్పను, కానీ చెయ్యి మాత్రం తనే చాపాడు.

ఈ వయసు పిల్లల్లో చాలామంది జబ్బును తాము చేసిన తప్పుకు శిక్ష అనుకుంటారు. అల్లరి చేస్తే సూది వేయిస్తానని ఇంట్లో ఎవరైనా బెదిరిస్తుంటే ఈ వారమే దయచేసి ఆపించండి. బొమ్మకు ఎందుకు ఆపరేషన్ చేస్తున్నావని పాపను అడిగి చూడండి. అల్లరి చేసిందని జవాబు వస్తే, అది ఎవరి తప్పూ కాదని బొమ్మకే చెప్పండి.

ఆపరేషన్‌కు మూడు నాలుగు రోజుల ముందు మొదలుపెడితే అయిదేళ్ల పిల్లలకు సాధారణంగా సరిపోతుంది. రెండేళ్ల వాళ్లకయితే ముందురోజు చాలు. ఖాళీ కడుపుతో ఉండటం, మాస్కు పెట్టుకోవడం, మేలుకున్నాక గొంతు నొప్పిగా ఉండటం, ఈ మూడింటినీ బొమ్మతో ఆడండి. మాస్కును ముందు బొమ్మకు, తరువాత మీకు, ఇష్టపడితే తనకు పెట్టుకోనివ్వండి. ఆపరేషన్ అప్పుడు వచ్చేది మత్తుమందు నిద్ర అనీ, డాక్టరుగారు పని పూర్తయ్యాక మందు ఆపితే మెలకువ వస్తుందనీ, రాత్రి నిద్రలా మధ్యలో లేవదనీ స్పష్టంగా చెప్పండి. నొప్పి ఉండదని మాత్రం అనకండి. గొంతు నొప్పి పెడుతుంది, మందు ఇస్తారు, నీకు నొప్పిగా ఉంటే చెప్పు అనండి. ఒక్క అబద్ధం బయటపడితే తరువాత మీరు చెప్పే నిజాన్ని కూడా పాప నమ్మదు.

ఇంట్లో ఆడిన ఆట ఆసుపత్రిలో నిలబడాలంటే కొన్ని విషయాలు ముందే మాట్లాడుకోవాలి. పాప మత్తులోకి వెళ్లేవరకు మీలో ఒకరు పక్కన ఉండవచ్చా, సూది ముందా మాస్కు ముందా, చర్మాన్ని మొద్దుబార్చే క్రీమును సూదికి సుమారు గంట ముందు రాస్తారా అని అడగండి. సూది గుచ్చేటప్పుడు బల్లపై పడుకోబెట్టి నలుగురు పట్టుకునే బదులు, మీ ఒడిలో నిటారుగా కూర్చోబెట్టి మీరే గట్టిగా హత్తుకుంటామని చెప్పండి. టీకాల నొప్పి తగ్గించడంపై 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన సూచనల్లో కూడా చిన్నపిల్లలను తమ వాళ్లే పట్టుకొని ఉండాలన్న మాట ఉంది. 1955లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఎమ్మా ప్లాంక్ అనే విద్యావేత్త ఆసుపత్రిలో ఉన్న పిల్లల కోసం ఆటనూ చదువునూ కలిపి ఒక విభాగం ప్రారంభించారు. ఆ బాటలోనే నేడు కొన్ని ఆసుపత్రుల్లో, ఆట ద్వారా పిల్లలను చికిత్సకు సిద్ధం చేసే ఛైల్డ్ లైఫ్ స్పెషలిస్టులు పనిచేస్తున్నారు. మీ ఆసుపత్రిలో ఉంటే ఈ వారమే కలవండి.

ఇంటికి వచ్చాక పాప బొమ్మకు పదే పదే, కోపంగా, ఉత్తుత్తి సూదులు పొడవవచ్చు. చూడటానికి కష్టంగా ఉన్నా ఆపకండి, తిట్టకండి. జరిగినదాన్ని తన చేతుల్లోకి తీసుకుంటోంది. పీడకలలు, పక్క తడపడం, మిమ్మల్ని క్షణం వదలకపోవడం కొన్ని వారాలు గడిచినా తగ్గకపోతే పిల్లల డాక్టరుకు ఆ సంగతి చెప్పి, పిల్లల మానసిక నిపుణులను కలవండి.