లాటిన్ పరీక్షతో కాలేజీ క్రెడిట్లు: మేఘనకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి మేఘనకు, పెద్దమ్మ దీవెనలు.

గ్రీకు, రోమన్ చదువుల మీద నీకు మనసు పడిందని, కాలేజీలో చేరకముందే వాటిలో క్రెడిట్లు (డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింట్లు) సంపాదించాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. విని చాలా సంతోషించాను. ఇక్కడ అమెరికా కాలేజీలో అడ్వైజర్‌గా ఇన్నేళ్లు పిల్లల ట్రాన్‌స్క్రిప్టులు చూసినదాన్ని కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

పరీక్ష సంగతి తర్వాత, ముందు కాలేజీల సంగతి చూడు. ఒకే స్కోరుకి ఒకచోట క్రెడిట్లు ఇస్తారు, ఇంకోచోట పై క్లాసులో కూర్చోనిస్తారు గానీ క్రెడిట్ ఇవ్వరు. క్లెప్ (CLEP) అని, క్లాసుకి వెళ్లకుండానే కాలేజీ క్రెడిట్ కోసం రాసే పరీక్షలున్నాయి; ఆ స్కోర్లను అసలు తీసుకోని కాలేజీలూ ఉన్నాయి. నీ లిస్టులో ఉన్న ప్రతి కాలేజీ రిజిస్ట్రార్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి, జవాబు రాతలో తెప్పించుకో.

క్లెప్‌లో నీకు పనికొచ్చేది వెస్టర్న్ సివిలైజేషన్ మొదటి భాగం. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. తప్పు జవాబుకి మార్కులు కొయ్యరు, అందుకని ఒక్కటీ ఖాళీ వదలకు. 50 స్కోరు వస్తే 3 క్రెడిట్లు ఇవ్వొచ్చని సిఫారసు ఉంది. అయితే గ్రీసు, రోము కలిపినా అందులో మూడో వంతే. మిగతాదంతా ప్రాచీన పశ్చిమాసియా, మధ్యయుగాలు, 1648 దాకా యూరప్. కాబట్టి ఇష్టమైన భాగమే చదువుకుని వెళితే కుదరదు.

నన్నడిగితే నీకు సరైనది ఏపీ (AP) లాటిన్, అంటే హైస్కూల్లో ఉండగానే రాసే కాలేజీ స్థాయి పరీక్ష. 2025-26 నుంచి అందులో జూలియస్ సీజర్ రచనని తీసేసి, రోమన్ రచయిత ప్లినీ (‘ప్లినీ ద యంగర్’) ఉత్తరాలు పెట్టారు. వర్జిల్ రాసిన కావ్యం ఈనియడ్ మాత్రం అలాగే ఉంది. సీనియర్ల దగ్గర పాత గైడ్లు తీసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకో. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు తన మేనమామ ఎలా చనిపోయాడో ప్లినీ చరిత్రకారుడు టాసిటస్‌కి రాసిన ఉత్తరం చదువు, ఆ భాష మీద నీకున్న భయం సగం పోతుంది.

ఇంగ్లీషు అనువాదం బట్టీ పట్టి పరీక్షకి వెళ్లే పిల్లలున్నారు. ముందెప్పుడూ చూడని లాటిన్ భాగం కూడా ఇస్తారు కాబట్టి అక్కడ దొరికిపోతారు. రోజూ నాలుగైదు పంక్తులైనా సరే, మూలంలోనే చదువు. మనకి ఇందులో ఒక సౌకర్యం ఉంది. లాటిన్‌లోనూ విభక్తులు ఉన్నాయి, క్రియ చాలాసార్లు వాక్యం చివరే వస్తుంది. తాతగారు నీకు గురువులు, లఘువులు నేర్పారు కదా, వర్జిల్ పద్యం కూడా వాటి మీదే నడుస్తుంది. పాదానికి ఆరు గణాలు. మొదటి నాలుగూ భగణం (ఒక గురువు, రెండు లఘువులు) గానీ రెండు గురువులు గానీ, ఐదోది దాదాపు ఎప్పుడూ భగణమే. ఈనియడ్ మొదటి మాటలు “అర్మ విరుంక్వె కనో” అని పైకి చదివి చూడు: రెండు భగణాలు, తర్వాత ఒక గురువు. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అనే సూత్రం అక్కడా పనిచేస్తుంది! ఇది చూసిన రోజు నాకెంత ఆనందం కలిగిందో చెప్పలేను.

ప్రాచీన గ్రీకుకి ఏపీ లేదు, క్లెప్ లేదు. కాలేజీలో చేరాక డిపార్ట్‌మెంట్ పెట్టే ప్లేస్‌మెంట్ పరీక్షే దారి. అది రాస్తే భాష రిక్వైర్‌మెంట్ తీరవచ్చు గానీ, చాలాచోట్ల క్రెడిట్ రాదు. దాని గురించి ఇప్పుడే టెన్షన్ పడకు.

మీ స్కూల్లో లాటిన్ ఏపీ లేకపోతే, పరీక్ష రాయనిచ్చే దగ్గరి స్కూలు కోసం ఆగస్టులోనే ఏపీ కోఆర్డినేటర్లకి ఫోన్లు చెయ్యి. పరీక్ష మేలో అయినా, పేరు నమోదు గడువు నవంబర్‌లోనే అయిపోతుంది. స్కోరు ఏ కాలేజీకి పంపాలో జూన్ 20 లోపు చెబితే ఒకదానికి ఉచితం. కాలేజీల జవాబులు రాగానే నాకు ఫార్వర్డ్ చెయ్యి, కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ