మాండొలిన్ వాయించాలా, తయారుచేయాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. ఆరేళ్లుగా పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో మాండొలిన్ నేర్చుకుంటోంది. ఒకరోజు సోలో కచేరీలు చేస్తానంటుంది, ఇంకోరోజు మాండొలిన్లు తయారుచేయడం నేర్చుకుంటానంటుంది. ఈమధ్య ఇటలీ స్వరకర్త రఫాయెలే కలాచే రాసిన ప్రిల్యూడ్ (చిన్న సోలో కృతి) ఒకటి మొదలుపెట్టింది. పైన పాట నడుస్తుండగా కింద మంద్ర స్వరం పడేచోట ట్రెమొలో (ఆపకుండా గబగబా మీటుతూ స్వరాన్ని సాగదీయడం) తెగిపోతోంది. గురువుగారు చేతి లోపమంటారు, తనేమో వాద్యం లోపమంటుంది. ఏ కోర్సులో చేర్పించమంటారు?

జవాబు: కోర్సు సంగతి కాసేపు పక్కన పెట్టండి. గురువుగారికీ మీ అమ్మాయికీ మధ్య ఉన్న ఆ తగువు ముందు తేలనివ్వండి. అది తేల్చే పనిలో మీ అమ్మాయి దేని దగ్గర ఎక్కువసేపు కూర్చుంటుందో గమనించండి. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంటుంది.

ముందు వాద్యం చూడమనండి, అది గంటలో తేలిపోతుంది. స్టీలు స్కేలు, చిన్న టార్చి, ట్యూనర్ ఉంటే చాలు. 12వ ఫ్రెట్ (మెడ మీది లోహపు అడ్డపట్టీ) దగ్గర ఫ్రెట్ పైఅంచుకూ తీగ అడుగుకూ మధ్య ఎత్తు కొలవాలి. నాలుగు జతల తీగలను లావు నుంచి సన్నానికి జీ, డీ, ఏ, ఈ (G, D, A, E) అంటారు. సన్నటి ‘ఈ’ (E) తీగల దగ్గర 1.2 నుంచి 1.5 మి.మీ., లావు జీ తీగల దగ్గర 1.5 నుంచి 2 మి.మీ. ఉంటే చేయి సుఖంగా నడుస్తుంది. 2.5 దాటితే ఎడమచేయి బిగుసుకుంటుంది, ఆ బిగువు మెల్లగా కుడి మణికట్టుకూ పాకుతుంది. తర్వాత నట్, అంటే మెడ పైకొసన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ. 2, 3 ఫ్రెట్ల మధ్య తీగను నొక్కి, 1వ ఫ్రెట్ మీద సందులోంచి టార్చి వెలుగు చూడాలి. సన్నటి గీతలా కనబడితే సరే. మడిచిన కాగితం దూరేంత సందు ఉంటే గాడి లోతు చాలలేదు. సందే లేకపోతే గాడి మరీ లోతైపోయింది, ఖాళీ తీగ జరజరమంటుంది. కీ తిప్పుతుంటే ‘టిక్’మని శ్రుతి ఒక్కసారిగా ఎగిరితే గాడి తీగను కరిచి పట్టుకుందని అర్థం. మెత్తటి పెన్సిల్ ములికిని గాడిలో రుద్దితే చాలావరకు పోతుంది.

జతలో రెండు తీగల మధ్య దూరం సుమారు 2 మి.మీ. ఉండాలి. మరీ దగ్గరైతే ట్రెమొలోలో ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. మరీ దూరమైతే వేలి కింద ఒకటి సరిగా నొక్కుకోక జత అపస్వరం పలుకుతుంది. ఇక బ్రిడ్జి, అంటే ముందుపలక మీద తీగలను మోసే చెక్కముక్క. మాండొలిన్‌లో అది అంటించి ఉండదు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. తీగలన్నీ ఒకేసారి విప్పితే ఊడి చేతికొస్తుంది. అందుకే మార్చేటప్పుడు ఒక్కొక్క తీగే మార్చాలి, బ్రిడ్జి ఉన్నచోటును ముందే కాగితపు టేపుతో గుర్తుపెట్టుకోవాలి. 12వ ఫ్రెట్ మీద తేలిగ్గా తాకితే వచ్చే హార్మోనిక్‌నూ, అదే ఫ్రెట్ నొక్కి మీటితే వచ్చే స్వరాన్నీ పోల్చి చూడండి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే బ్రిడ్జిని తోక వైపు, తక్కువ పలికితే మెడ వైపు వెంట్రుకవాసి జరపాలి.

తీగల మందం కూడా చూడండి. అమెరికన్ చదునైన వీపు మాండొలిన్లకు అమ్మే మీడియం సెట్టు 0.011, 0.015, 0.026, 0.040 అంగుళాలు. ఎనిమిది తీగలూ కలిపి 80 కిలోల ప్రాంతంలో లాగుతాయి. గిన్నెలాంటి వీపున్న ఇటలీ నేపుల్స్ బాణీ వాద్యానికి ఇది ఎక్కిస్తే, బ్రిడ్జి వెనకాల ముందుపలక వంగే చోట కుంగడం మొదలవుతుంది. దానికి సన్నటి సెట్టే వేయాలి.

ఇప్పుడు చేతి సంగతి. ఇది తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఎడమచేత్తో తీగలన్నిటినీ మూసి పట్టుకుని, స్వరం లేకుండా అదే కదలిక వాయించమనండి. అప్పుడూ తెగితే లోపం చేతిలో ఉంది. మూసినప్పుడు సాఫీగా నడిచి, స్వరంతో వాయిస్తే ఒకే జత దగ్గర తడబడుతుంటే గురువుగారి మాట పక్కన పెట్టి ఆ జత ఎత్తు, గాడి మళ్లీ చూడండి. చాలా సందర్భాల్లో రెండూ కాస్త కాస్త ఉంటాయి. అందుకే ఈ తగువు ఇన్నాళ్లు సాగుతుంది.

ఒకే చేత్తో ఇద్దరు వాయిస్తున్నట్టు వినిపించే ఈ పద్ధతిని డ్యూయో స్టైల్ అంటారు. ఇటలీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జుసెప్పె పెట్టీనె (1874–1966) పేరు దీనితో ముడిపడి ఉంది. దీని కిటుకు లెక్కలో ఉంది. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, దెబ్బకు 8 మీట్లు అనుకోండి. పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) కిందికి కొట్టే మొదటి మీటు మంద్ర తీగకు వెళ్తుంది, మిగతా 7 పై తీగకు. మంద్ర స్వరం అదనపు మీటు కాదు, ట్రెమొలోలోంచే ఒక మీటు అప్పిచ్చినట్టు. చాలామంది లెక్క లేకుండా గబగబా మీటుతూ 7 దగ్గరో 9 దగ్గరో ఉంటారు. అప్పుడు మంద్ర స్వరం వేళకు పిక్ పైకి వెళ్తూ ఉంటుంది, చేయి ఆగి సర్దుకోవాల్సి వస్తుంది. మీకు తెగినట్టు వినిపిస్తున్నది ఆ సర్దుబాటే. రికార్డు చేసి సగం వేగంతో వింటే మీట్లు లెక్కపెట్టొచ్చు.

రెండో కారణం పిక్ లోతు. తీగల కిందికి కొన మిల్లీమీటరో రెండో దిగితే చాలు. అంతకు మించితే జీ నుంచి ఈకి దూకేటప్పుడు మధ్యలో డీ, ఏ జతలు తగులుతాయి. సాధన దెబ్బకు 4 మీట్లతో మొదలుపెట్టి 6కు, తర్వాత 8కి పెంచాలి. ముందు పక్కపక్క జతలు ఏ–ఈ, అవి కుదిరాక డీ–ఈ, చివరికి జీ–ఈ. రోజుకు 15 నిమిషాలు చాలు. ముంజేయి నొప్పెడితే ఆపేయాలి, నొప్పితో సాగించిన ట్రెమొలో బిగుసుకుపోయి అలాగే అలవాటైపోతుంది.

ఈ రెండు పనుల్లో మీ అమ్మాయికి ఏది తిండీ నిద్రా మరిపించిందో చూడండి. నట్ గాడి దగ్గర రెండు గంటలు కూర్చుని మీట్ల లెక్క దగ్గర విసుక్కుంటే, తయారీ వైపు మొగ్గు ఉన్నట్టే. ఒక మామూలు పాత మాండొలిన్ ఇచ్చి మూడు నెలల్లో రెండు పనులు చేయమనండి: కొత్త నట్ కోయడం, బ్రిడ్జి పాదం కూర్చడం. బ్రిడ్జికి ముందుపలక మీద గరుకు కాగితం పరిచి, ముందు 120, తర్వాత 220 నంబరుతో పాదాన్ని వాద్యం నిడివి దిశలోనే రుద్దాలి. అడ్డంగా రుద్దితే అంచులు గుండ్రమైపోతాయి. మధ్యలో కార్బన్ కాగితం పెట్టి చూస్తే ఎక్కడ ఆనుతోందో, ఎక్కడ ఆనడం లేదో మచ్చలు చెప్తాయి. సగం పాదమే ఆనితే వాద్యం సగం గొంతుతోనే పలుకుతుంది.

తయారీలో రొమాన్సు ఎంత ఉందనుకుంటారో అంతకు పదింతలు కొలతలుంటాయి. ఫ్రెట్ల లెక్కే చూడండి. తీగ నిడివి 330 మి.మీ. అయితే దాన్ని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం 18.52 మి.మీ. మిగిలిన నిడివిని మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తూ పోవాలి, 12వ ఫ్రెట్ సరిగ్గా 165 దగ్గర పడాలి. అక్కడ 0.3 మి.మీ. తప్పితే శ్రుతి అర్ధస్వరంలో వందో వంతు చొప్పున 3 వంతులు తప్పుతుంది. 24వ ఫ్రెట్ దగ్గర అదే తప్పు 6 వంతులు దాటుతుంది. కచేరీ మాండొలిన్‌లో ఫ్రెట్లు 24 దాటి కూడా ఉంటాయి, సోలో కృతులు అక్కడిదాకా ఎక్కుతాయి. జిగురు సంగతి అంతే. జంతు చర్మపు జిగురు 60 డిగ్రీల దగ్గర ఉండాలి. బాగా మరిగిస్తే బలం పోతుంది, చల్లారనిస్తే అతుకు లోపల గడ్డకట్టి తర్వాతెప్పుడో తీగల లాగుడుకు విచ్చుకుంటుంది. ఇవి విని మీ అమ్మాయి కళ్లు మెరిస్తే మంచిదే.

ఈ కళ రెండు మూడు బాణీల్లో నడుస్తోంది. నేపుల్స్‌లో విన్నాచ్చా, కలాచే కుటుంబాలు, రోమ్‌లో లుయీజి ఎంబెర్గెర్ (1856–1943) గిన్నె వీపు వాద్యాలకు పేరుపడ్డారు. అమెరికాలో గిబ్సన్ కంపెనీలో లాయిడ్ లోర్ 1922–24 మధ్య పర్యవేక్షించిన ఎఫ్-5 వాద్యాలు వయొలిన్‌లా చెక్కిన పలకలవి. మన వాళ్లకు మాండొలిన్ అనగానే గుర్తొచ్చే ఉప్పలపు శ్రీనివాస్ వాయించింది ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యం, ఆ దారి వేరు. తయారీ నేర్చుకోవాలంటే బాణీ ముందే ఎంచుకోవాలి, ఒకదాని అచ్చులూ పనిముట్లూ ఇంకోదానికి పెద్దగా పనికిరావు. జర్మనీలో మిట్టెన్‌వాల్డ్ ప్రభుత్వ వృత్తి పాఠశాలలో వయొలిన్‌తో పాటు మీటు వాద్యాల తయారీ కూడా నేర్పుతారు. కొత్త వాద్యాలు అమ్ముడుపోయే దాకా తిండి పెట్టేది సర్దుబాటు, మరమ్మతు పనులే. ఫ్రెట్లు సమం చేయడం, నట్ కోయడం, పగుళ్లు కట్టడం వచ్చినవాళ్లు ఖాళీగా ఉండరు.

వాయించే దారి ఎంచుకుంటే, జర్మనీలో కొలోన్ సంగీత నృత్య విశ్వవిద్యాలయం వుప్పెర్తాల్ శాఖ, ఇటలీలో పాదువా చెజారె పొల్లీని కన్సర్వేటరీ మాండొలిన్‌కు తెలిసిన పేర్లు. పేరున్న మాండొలిన్ కళాకారుడు ఆవీ అవితాల్ పాదువాలోనే చదివారు. ఒక్క ట్రెమొలో కృతి పట్టుకుని ప్రవేశ పరీక్షకు వెళ్తే చాలదు, వేర్వేరు కాలాల కృతులు సిద్ధం చేసుకోవాలి. శ్రుతి వయొలిన్‌దే, జీ డీ ఏ ఈ. కాబట్టి బాఖ్ 1720 నాటి ఒంటి వయొలిన్ కృతులు అలాగే వాయించొచ్చు. అమెరికన్ మాండొలిన్ కళాకారుడు క్రిస్ థీలీ వాటిలో మూడింటి రికార్డును 2013లో విడుదల చేశారు. అయితే సోలో కచేరీలతోనే ఇల్లు గడిచేది బహు కొద్దిమందికి. మిగతావాళ్లు పాఠాలు చెప్పుకుంటూ, ఆర్కెస్ట్రా పిలుపులు అందుకుంటూ నెట్టుకొస్తారు. మొజార్ట్ ఒపెరా డాన్ జొవాన్ని, మాలర్ ఏడో సింఫనీ లాంటివాటికి మాండొలిన్ కావాలి, కానీ దానికోసం ఏడాది పొడుగునా ఎవరినీ జీతానికి పెట్టుకోరు. ఆ పిలుపులు స్వరలిపి చూసి వెంటనే వాయించగలిగి, కండక్టర్ చేతిని అనుసరించగలిగేవాళ్లకే వస్తాయి. గురువుగారు ఈ రెండూ నేర్పకపోతే ఇప్పుడే అడగండి.

కోర్సు తేలేదాకా ఖరీదైన కచేరీ వాద్యం కొనకండి. పాత నేపుల్స్ మాండొలిన్ ఎవరైనా ఇస్తామంటే మాత్రం బ్రిడ్జి చూడండి. అది ఇప్పటికే పలచగా అరగదీసి ఉండి, అయినా 12వ ఫ్రెట్ దగ్గర తీగ 3 మి.మీ. ఎత్తున ఉంటే మెడ లేచిపోయి ఉంటుంది. పైకి ఎంత నిగనిగలాడినా వదిలేయండి.