కోట కూలిందని చెప్పండి, అక్కడితో ఆగకండి

చరిత్ర టీచరుకు ఉత్తరం: ఈ నెల వచ్చిన జాబుల్లో ఎక్కువ భాగం పాఠ్యపుస్తకాల మీదే. వాటిలో మూడింటికి ఇక్కడ జవాబులు. ఉత్తర తెలంగాణ జిల్లా పరిషత్ పాఠశాలల్లో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన టీచర్ వీటిని రాస్తున్నారు.

టీచర్ గారూ, మా అబ్బాయి కేంద్ర సిలబస్ బడిలో ఏడో తరగతి. మా మరిది కూతురు ములుగు దగ్గర ప్రభుత్వ బడిలో అదే తరగతి. సెలవుల్లో ఇద్దరూ ఖిలా వరంగల్ చూసి వచ్చారు. "ఈ గుడిని ఢిల్లీ సుల్తానులు పడగొట్టారు" అని పాప అంటే, "సుల్తానులు ఎవరు? మా పుస్తకంలో లేరు" అన్నాడు మావాడు. పక్కింటి పెద్దాయన ఏమో "ఆ చరిత్ర మన పిల్లలకు అక్కర్లేదు, తీసేసి మంచి పని చేశారు" అంటున్నారు. నేనేం చెప్పాలి?
- ఒక తల్లి, హనుమకొండ

అమ్మా, కేంద్ర సిలబస్‌లో ఢిల్లీ సుల్తానులు, మొఘలులు ఇదివరకు ఏడో తరగతిలోనే ఉండేవారు. 2025లో వచ్చిన కొత్త పుస్తకాల్లో వాళ్లను ఎనిమిదికి జరిపారు. మీ అబ్బాయి వచ్చే ఏడు చదువుతాడు. అయితే ఏం చదువుతాడో కూడా చూడండి. ఆ ఎనిమిదో తరగతి పుస్తకంలో బాబర్ నిర్దయుడైన విజేత. అక్బర్ పాలన క్రూరత్వం, సహనం కలిసిన పాలన. ఔరంగజేబు గుళ్లను, గురుద్వారాలను కూల్చినవాడు. గతంలో జరిగినవాటికి ఈనాటి మనుషులను బాధ్యులను చేయకూడదని ఒక గమనిక కూడా పెట్టారు. ఆ గమనిక మంచిదే, దాన్ని మీరు ఇంట్లో గట్టిగా చదివించండి. అంతకుముందు 2022లో పన్నెండో తరగతి నుంచి మొఘల్ దర్బారు పాఠాన్ని మొత్తంగా తీసేశారు. గాంధీజీ హిందూ ముస్లిం ఐక్యత కోసం పట్టుబట్టడం కొందరు హిందూ తీవ్రవాదులకు కంటగింపయిందన్న మాట, ఆయన హత్య తర్వాత ఆర్.ఎస్.ఎస్.పై నిషేధం విధించారన్న మాట కూడా పోయాయి. కరోనా తర్వాత పిల్లల మీద భారం తగ్గించడానికి అన్నారు. గాంధీజీని ఎందుకు చంపారో చెప్పే రెండు మూడు వాక్యాలు ఏ పిల్లవాడికి బరువయ్యాయో నాకు ఎవరైనా చూపించాలి.

మీ పక్కింటి పెద్దాయన మాట నేను ఒప్పుకోను. సుల్తానులను తీసేస్తే ఖిలా వరంగల్‌లో మనం ఏం చూస్తున్నామో పిల్లవాడికి అర్థం కాదు. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడించి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి ఖజానా పట్టుకుపోయాడు. 1323లో ఉలుగ్ ఖాన్, అంటే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దె ఎక్కినవాడు, కోటను పట్టుకున్నాడు. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడని తర్వాతి విలస శాసనం చెబుతుంది. కోట నడిమధ్యన ఉన్న స్వయంభూ దేవాలయం నేలమట్టమైంది, దాని చుట్టూ ఉన్న నాలుగు తోరణాలు మిగిలాయి. ఇది దాచాల్సిన సంగతి కాదు. మీ మరిది కూతురు చెప్పింది నిజం. మీ అబ్బాయికి తేదీలతో సహా చెప్పండి.

అక్కడితో మాత్రం ఆగకండి. ఆ తోరణాలకు కొద్ది దూరంలో ఖుష్ మహల్ ఉంది కదా, దాన్ని చాలాకాలంగా షితాబ్ ఖాన్ పేరుతో చెప్పుకుంటారు. పేరు వినగానే పిల్లలు తురుష్కుడు అనుకుంటారు. ఆయన అసలు పేరు సీతాపతి. బహమనీ సుల్తానుల కొలువులో ఎదిగి, ఆ బిరుదుతోనే ఓరుగల్లును ఏలాడు. ఇక్కడి దేవతామూర్తులను తిరిగి నిలిపానని 1504లో వేయించిన శాసనంలో చెప్పుకున్నాడు. ఇలాంటి మనిషిని మీ పక్కింటి పెద్దాయన ఏ వరుసలో కూర్చోబెడతారు?

రుద్రమదేవి సంగతీ చెప్పండి. ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని 1289 నాటి చందుపట్ల శాసనం చెబుతుంది. ఆ మరణం కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులోనే అని చరిత్రకారులు ఎక్కువగా భావిస్తారు. అంబదేవుడు ఆమె సామంతుడే, ఆమెలాగే శివుణ్ణి కొలిచినవాడే. ఆ కాలపు యుద్ధాలు రాజ్యం కోసం, పన్ను కోసం. మతం కూడా అందులో ఉంది, ఉండదని నేననను, కానీ అదొక్కటే చెబితే సగం చరిత్ర మాయమవుతుంది.

ఇంకొక్క మాట. మీ మరిది వాళ్లది ములుగు వైపు అన్నారు కాబట్టి పాపను మేడారం కథ అడగండి, మీకన్నా నాకన్నా బాగా చెబుతుంది. పుస్తకాల్లో కాకతీయులు చెరువులు తవ్వించిన మహారాజులు. అది నిజమే, రామప్ప, పాకాల చెరువుల నీళ్లతో ఇప్పటికీ పంటలు పండుతున్నాయి. కోయల కథలో మాత్రం కరువు కాలంలో కప్పం కట్టలేదని సైన్యాన్ని పంపినవాళ్లూ ఆ కాకతీయులే. ఆ పోరులో పగిడిద్ద రాజు పోయాడు, సారలమ్మ పోయింది, జంపన్న పడిన వాగుకు ఆయన పేరే నిలిచింది. సమ్మక్క చిలుకలగుట్ట ఎక్కి కనుమరుగైంది. దీనికి శాసనం లేదు. రెండేళ్లకోసారి లక్షల మంది నడిచి వెళ్లే నమ్మకం ఉంది. శాసనం చెప్పినదేది, జనం చెప్పుకున్నదేది అని ఇద్దరు పిల్లల చేత విడివిడిగా రాయించండి. వాళ్లు కొట్లాడుకుంటే కొట్లాడుకోనివ్వండి.

టీచర్ గారూ, గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. 1948 సెప్టెంబర్ 17 విమోచనమా, విలీనమా, సమైక్యతా దినమా? ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంది.
- ఒక అభ్యర్థి, కరీంనగర్

తమ్ముడూ, పేరు ప్రభుత్వాన్ని బట్టి మారుతోంది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యత పేరుతో వేడుకలు చేసింది, 2023 చివర్లో వచ్చిన ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినోత్సవం అంది, కేంద్రం విమోచన దినోత్సవం అంటోంది. పరీక్షకు కావాల్సింది రాసుకో: నిజాంకు, భారత ప్రభుత్వానికి మధ్య యథాతథ ఒప్పందం 1947 నవంబర్ 29, హైదరాబాద్‌ను భారతదేశంలో కలిపిన సైనిక చర్య 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు.

ఇక పరీక్ష పక్కన పెట్టి విను. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు, నిజాం బలగాలు చేసిన హత్యలను చెప్పని పుస్తకం నాకొద్దు. అదే నెలలో హైదరాబాద్‌లో రజాకార్లు చేయి నరికి చంపిన ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ మన మహబూబాబాద్ ప్రాంతం వాడు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాసినందుకే చంపారు. 1946 జులై 4న కడవెండిలో రైతుల పక్షాన నిలిచిన దొడ్డి కొమురయ్యను కాల్చింది అక్కడి భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. ఆ దేశ్‌ముఖ్ హిందువు, అతని వెనుక ఉన్నది నిజాం రాజ్యం. రైతుల సాయుధ పోరాటం సైన్యం వచ్చాక కూడా ఆగలేదు, 1951 అక్టోబర్‌లో విరమించారు. సైనిక చర్య తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు ముస్లింల మీద ఘోరాలు జరిగాయి. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ సంఘం మొత్తం మృతులు 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.

ఒక పార్టీకి షోయబుల్లా అడ్డు, ఇంకో పార్టీకి సుందర్‌లాల్ నివేదిక అడ్డు, మరొకరికి కొమురయ్య అడ్డు. వీళ్లందరినీ ఒకే పాఠంలో కూర్చోబెట్టిన పుస్తకం దొరికితే నాకూ చెప్పు.

మేడమ్, గుళ్లు కూల్చిన సంగతి చెబితే ఒకరికి కోపం, చెప్పకపోతే మరొకరికి కోపం. పుస్తకంలో ఉన్నది చదివించి ఊరుకోమని పెద్దసారు అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, జగిత్యాల

తమ్ముడూ, పుస్తకమే నిలకడగా లేదు కదా. 1978లో జనతా ప్రభుత్వ కాలంలో ఆర్.ఎస్. శర్మ రాసిన ప్రాచీన భారత చరిత్ర పుస్తకాన్ని ఉపసంహరించారు. 2012లో కాంగ్రెస్ ప్రభుత్వం రాజనీతిశాస్త్ర పుస్తకంలోని అంబేడ్కర్ కార్టూన్‌ను తీయించింది. 2023లో మన రాష్ట్రం పదో తరగతి సాంఘికశాస్త్రం అట్ట మీద అచ్చయిన రాజ్యాంగ పీఠికలో సామ్యవాద, లౌకిక అన్న మాటలు లేవు. పొరపాటన్నారు. 1976లో 42వ సవరణతో చేరిన మాటలవి. 2024లో తెలుగు పుస్తకాల ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరు ఉండిపోయిందని పంచిన పుస్తకాలను వెనక్కి తెప్పించారు. పేరు కోసం అంత హడావిడి చేసినవాళ్లు లోపలి పాఠం కోసం ఎన్నడైనా చేశారా? ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మీ పెద్దసారుతో తగవు వద్దు. పుస్తకంలోని పాఠమే చెప్పండి, దాని పక్కన మీ ప్రాంతపు ఆధారం ఒకటి పెట్టండి. జగిత్యాల వాళ్లకు అది కరువా? శాతవాహనుల తొలి నాణేలు దొరికిన కోటిలింగాల మీ జిల్లాలోనే ఉంది. బౌద్ధ స్తూపం ఉన్న ధూళికట్ట పెద్దపల్లి వైపు ఉంది. అన్నిటికన్నా నేను కురిక్యాల బొమ్మలమ్మ గుట్టకే మొదటి ఓటు వేస్తాను. పదో శతాబ్దంలో జినవల్లభుడు వేయించిన శాసనం అక్కడుంది. సంస్కృతం, కన్నడంతో పాటు మూడు తెలుగు కందపద్యాలున్నాయి. రాయించినవాడు జైనుడు, కన్నడ కవి పంపడి తమ్ముడు. రాతి మీద చెక్కిన జైన దేవత చక్రేశ్వరిని ఊరివాళ్లు ఈనాడు బొమ్మలమ్మగా కొలుస్తున్నారు. ఎవరూ ఎవరినీ తరిమి కొట్టకుండానే ఒక దేవత ఇంకో పేరుతో నిలిచిందని మీరు చెప్పనక్కర్లేదు, పిల్లలే అడుగుతారు. అడిగాక స్వయంభూ గుడి ఎందుకు కూలిందో, హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద జైన తీర్థంకరుల బొమ్మలు ఎందుకున్నాయో కూడా చెప్పండి.

పిల్లలను ఆ గుట్టలకు బస్సులో తీసుకెళ్లండి, కోపం వచ్చే పెద్దలను కూడా అందులోనే ఎక్కించండి. యాత్రను సంక్రాంతి సెలవులకు ముందే పెట్టుకోండి, ఎండలు ముదిరితే ఆ రాతి మీద చిన్నపిల్లలు నడవలేరు. పదో తరగతి వాళ్లకు పరీక్షల ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఎనిమిది, తొమ్మిది తరగతులతో మొదలుపెట్టండి.